పండుగ బల్లపై చిన్న ఇటుకలు



బొమ్మల కొలువు మీ రెఱుగనిది కాదు. సంక్రాంతికి గాని దసరాకు గాని మెట్లు కట్టి, తెల్లని వస్త్రము పఱచి, కొండపల్లి బొమ్మలను, ఏటికొప్పాక లక్క బొమ్మలను వరుసగా నిలుపుట మన యిండ్ల వేడుక. అటువంటి వేడుకయే పరదేశమున వేఱొక రూపమున నెట్లు వెలసినదో నేడు మనవి చేయదలచితిని.

ఇందుకు కారణము మా మనుమరాలు. గత డిసెంబరులో నామె బల్లపై నొక చిన్న పల్లె కనబడెను. మంచు కప్పిన యిండ్లు, బొమ్మల యంగడి, దీపముల చెట్టు, గడ్డకట్టిన చెఱువుపై జాఱుచున్న మనుష్యులు. చేతికి దీసికొని చూడగా నన్నియు గోరంత ప్లాస్టిక్ ఇటుకలే! "నేనే కట్టాను తాతయ్యా, మూడు రోజులు పట్టింది" అనెను. ముసలివానికి వస్తువును జూచి యూరకుండుట సాధ్యమా? దాని పుట్టుక వెదకితిని.

ఆట ఇటుకలు ప్లాస్టిక్‌తో పుట్టినవి కావు. జర్మనీ దేశపు రుడోల్‌స్టాట్ నగరమున 19వ శతాబ్దపు చివరి భాగమున రిక్టర్ అను వర్తకుడు సన్నని యిసుక, సుద్ద, అవిసె నూనె కలిపి యచ్చొత్తిన రాతి ఇటుకలను విక్రయించెను. ఎఱ్ఱనివి ఇటుకకు, పసుపుపచ్చనివి ఇసుకరాతికి, నీలివి పలకరాతికి గుఱుతులు. ఆ మిశ్రమమును కనిపెట్టినది ఆయన కాదు, లిలియెంథాల్ సోదరులు. వారిలో నొకడైన ఒట్టో, ఱెక్కలు కట్టుకొని గాలిలో తేలి, 1896లో క్రిందపడి మరణించిన సాహసి.

ఇక మా మనుమరాలి యిటుకల స్వస్థలము డెన్మార్కులోని బిల్లుండ్. ఆకాలమున నది మన కుగ్రామముల వంటిదే. అచ్చట ఓలె కిర్క్ క్రిస్టియన్‌సన్ అను వడ్రంగి యుండెను. 1924లో పిల్లలు ఆడుకొనుచు చిత్రికబట్టిన పొట్టునకు నిప్పంటింపగా ఇల్లును కార్ఖానాయు దగ్ధమయ్యెను. మరల కట్టుకొనెను. తరువాత ప్రపంచమంతట ధరలు పడిపోయెను. రైతు చేత పైకము లేనిచో వడ్రంగికి పని యెక్కడిది? ఇది మీకు నేను చెప్పవలసిన మాట కాదు. 1932లో భార్య మరణించెను. నలుగురు కొడుకులు మిగిలిరి. ఇండ్లు కట్టించువారు లేకపోగా నిచ్చెనలు, పీటలు చేసెను; వానితోడనే కొయ్య బొమ్మలును చేసెను. ఆ బొమ్మలే నిలిచినవి. 1934లో తన సంస్థకు లెగో అని పేరిడెను. బాగుగా ఆడుకొనుమని యర్థమిచ్చు రెండు డేనిష్ మాటల కూర్పది. 1942లో కార్ఖానా మరల కాలిపోయెను. ఆయన మరల కట్టెను.

1947లో ప్లాస్టిక్‌ను అచ్చుపోయు యంత్రమును కొనిరి. ఇచ్చట నొక సంగతిని దాచుట న్యాయము కాదు. ఒకదానిపై నొకటి పట్టియుండు ప్లాస్టిక్ ఇటుకలను అంతకు ముందే ఇంగ్లండులో హిలరీ పేజ్ అను నాయన రూపొందించెను. డెన్మార్కువారు వానిని జూచియే 1949లో తమ యిటుకలను తెచ్చిరి. తరువాత నా సంస్థయే దీని నంగీకరించినది. పేజ్ 1957లో గతించెను. లోకమంతయు నాడుకొను వస్తువునకు మూలపురుషుడైన యాయన పేరు నేడు కొందఱికే తెలియుట నాకు కష్టముగా నున్నది.

అయితే తొలి యిటుకలు లోపల బోలుగా నుండి, యెత్తగానే యూడిపోవుచుండెను. కొడుకు గాట్‌ఫ్రెడ్ కాలమున లోపల చిన్న గొట్టముల నమర్చి, 1958 జనవరి 28వ తేదీన పేటెంటు కొఱకు దరఖాస్తు పెట్టిరి. ఆ మార్చిలోనే తండ్రి మరణించెను. 1960లో కొయ్యబొమ్మల గిడ్డంగి కాలిపోగా, ఆ పనియే మానివైచిరి. అగ్ని ఆ కుటుంబమును మూడుమార్లు వెంబడించినది.

క్రిస్టమస్ పండుగకు ముందు దినమున కొక చిన్న తలుపు తెఱచునట్లు 24 తలుపుల పటము నుంచుట జర్మనీనుండి వ్యాపించిన యాచారము. 1998లో లెగోవారు ఆ తలుపుల వెనుక ఇటుకల నుంచిరి. దినమున కొక చిన్న బొమ్మ సిద్ధమగును. 2009లో మంచుపల్లెలోని బొమ్మల యంగడి వచ్చెను. మఱుసటి యేట రొట్టెల యంగడి, ఆపై తపాలా కచేరి. మన క్రైస్తవ సోదరులు డిసెంబరులో పశువుల పాక నమర్చునట్లే అక్కడివారు ఏటేట నొక యిల్లు చేర్చి పల్లెను పెంచుకొందురు. కొలువునకు ఏటేట నొక క్రొత్త బొమ్మ చేర్చు మన యాచారము నాకు వెంటనే స్ఫురించెను.

నా కొక సందేహము మాత్రము కలిగెను. అచ్చువేసిన పటమును జూచి కట్టుటలో బిడ్డ బుద్ధి కేమి పని? దీనికి లెక్కయే సమాధానము చెప్పినది. ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు ఆఱింటిని 91,51,03,765 విధముల కూర్పవచ్చును.

పండుగ ముగిసినంతనే మనుమరాలు ఆ పల్లెను విప్పి పెట్టెలో పోసెను. ఇటీవల సంక్రాంతి కొలువునకు వానితోనే తులసికోట కట్టుచు, ఆకులకు పచ్చనివి చాలక, దీపముల చెట్టునుండి మిగిలినవి వెదకి యిమ్మని నన్ను నేలపై కూర్చుండబెట్టినది.