కొండక్రింది క్రొత్తవారు

కెనడా దేశమున క్రొత్తగా కాపురము పెట్టిన తెలుగువారికి జూన్ 21వ తేదీయు, సెప్టెంబరు 30వ తేదీయు ఇప్పుడు తెలిసిన దినములే. మొదటిది 1996 నుండి ఆ భూమియొక్క మూలవాసుల దినముగను, రెండవది 2021 నుండి వారియెడ జరిగిన అన్యాయమును ఒప్పుకొని సఖ్యము కోరు దినముగను జరుగుచున్నవి. మూలవాసుల బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి, వసతి పాఠశాలలలో నుంచి, వారి నోటినుండి వారి మాటనే తుడిచివేయ జూచిన దేశము, ఆ కథను నిన్నమొన్న దిగిన పరదేశికి సైతము వినిపింపవలెనని నిశ్చయించుకొన్నది. అట్టి దినమున జరిగిన సభకు పోయివచ్చిన మేనల్లుడు టొరంటోనుండి ఫోనులో ఆ విశేషములు చెప్పుచుండగా, బరంపురమున వాలుకుర్చీలో కూర్చుండి వినుచున్న మామగారికి ఒక్క సందేహము కలుగవలసియున్నది: ఈ గంజాము కొండలక్రిందికి మనమెప్పుడు వచ్చితిమి, వచ్చి ఎవరినడిగి ఏమి తెలిసికొంటిమి?

ఐతరేయ బ్రాహ్మణమున ఒక కథ కలదు. విశ్వామిత్రుడు శునశ్శేపుని పెద్దకొడుకుగా స్వీకరింపగా, అందుకు సమ్మతింపని కుమారులను, మీ సంతతి అంత్యదేశముల పాలగుగాకయని శపించెనట. ఆ శాపమునకు గురియైన జాతులను చెప్పుచు ఆ గ్రంథము ఆంధ్రులను, పుండ్రులను, శబరులను, పుళిందులను, మూతిబులను ఒక్క వరుసలో నిలిపినది. దీనిని చరిత్రగా నమ్ముమని నేననను. కాని మన పేరు తొలుత వినవచ్చిన చోటులలో నొకటియగు ఈ చోటనే శబరులు, అనగా మన సవరలు, మనకు తోబుట్టువులుగా కనిపించుట మరువరానిది. తరువాత నొక యన్న మైదానమున భూములకు పట్టాలు వ్రాయించుకొనెను. మరియొక యన్న మహేంద్రగిరి ప్రాంతపు కొండలలో ఉండిపోయెను.

ఆంగ్లేయుల దొరతనమున కొండకును మైదానమునకును గల సంబంధము సుఖముగా సాగలేదు. కప్పము బాకీపడిన ఘుమ్సర జమీందారుపై 1835లో కుంపిణీ సైన్యము నడువగా, అచటి కొండజాతివారగు కోదులు ఆతని పక్షమున నిలిచిరి. ఆ యుద్ధము 1837 వరకు సాగినది. పిమ్మట 1839లో ఒక చట్టము చేసి, కొండప్రాంతములను సాధారణ న్యాయస్థానములనుండి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా నియమించిరి. గంజాము ఏజెన్సీయను పేరు ఆ విధముగా వచ్చినది. సవర సీమయు శాంతముగా లేదు. విశాఖపట్టణ మండలమున గునుపురమునకు చేరిన పుట్టసింగిలో, 1864లో, పోలీసు ఇన్‌స్పెక్టరు గోమాంగుని, అనగా ఊరిపెద్దను, పట్టించగా, సవరలు లేచి ఆతనిని విడిపించుకొని ఇన్‌స్పెక్టరును, కొందరు జవానులను చంపిరి. దానికి ప్రతిగా సవరలలో కొందరు ఉరికంబమెక్కిరి, కొందరు ద్వీపాంతరము పోయిరి. ఆ అధికారికి ఆ ఊరి మాట తెలియదు, ఆ ఊరివారికి ఆతని మాట తెలియదు; నడుమ నున్న దుబాసి ఎవరికి ఏమి చెప్పెనో చెప్పువారు లేరు.

సంతలలో జరిగినది ఇంతకంటె మెత్తనిది, ఇంతకంటె దీర్ఘమైనది. చింతపండును, ఇప్పపువ్వును, అడ్డాకులను కావడులకెత్తి తెల్లవారకమునుపే కొండదిగిన సవర, ఉప్పును, పొగాకును, మూర గుడ్డను తీసికొని ప్రొద్దుగ్రుంకులోపల తిరిగి కొండ యెక్కవలెను. తూనికరాయి షాహుకారిది, కుంచము షాహుకారిది, పద్దు వ్రాసిన భాషయు షాహుకారిదే. ఆ పద్దులలో తెలుగు పద్దులును ఉండెననుటకు సిగ్గుపడవలసినదే కాని దాచవలసినది కాదు. ఇట్టి పద్దులవలన పోడుభూములును పల్లపు మళ్ళును చేతులు మారుచుండగా, మదరాసు ప్రభుత్వము 1917లో శాసనము చేసి, గంజాము, విశాఖపట్టణ, గోదావరి ఏజెన్సీలలో వడ్డీ నూటికి ఏడాదికి 24 రూపాయలు మించరాదనియు, వడ్డీ మొత్తము అసలును దాటరాదనియు, ఏజెంటు అనుమతి లేక కొండవాని భూమి మైదానపువానికి చెల్లదనియు కట్టడిచేసెను.

ఆ శాసనమునకు చాల ముందే, 1880లో, పదునేడేండ్ల యువకుడొకడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. వంశధారాతీరమున శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వేంకట రామమూర్తిగారే ఆయన. ఊరికి క్రొత్తవాడు, చరిత్ర చెప్పవలసినవాడు. కొండదిగి వచ్చు సవరలను జూచి, వీరి మాట నేర్చిననే గాని వీరికి చదువు చెప్పలేమని తలచెను. సవరకు అప్పటికి లిపి లేదు. తెలుగును సవరయు తెలిసిన యొకనిని ఇంటనే పెట్టుకొని, ఉపాధ్యాయుడు శిష్యుడై, మాట వెంబడి మాట వ్రాసికొనుచు నేర్చెను. మాట మధ్యమున గొంతులో తటాలున ఆగి మరల సాగు ధ్వనియొకటి ఆ భాషలో గలదు. మన వర్ణమాలలో దానికి చోటు లేదు. దానిని పట్టుకొనవలెనన్న చెవినే నమ్ముకొనవలెను. ఆ కొండలలో తిరిగి తెచ్చుకొన్న చలిజ్వరమునకు మ్రింగిన క్వినైనువలన ఆ చెవులకే చెవుడు వచ్చినదని ఆయన జీవితకథ వ్రాసినవారు చెప్పుదురు.

సొంత సొమ్ముతో సవరలకు బడులు పెట్టి, పంతుళ్ళకు జీతములిచ్చి, వాచకములు వ్రాసి, వారి మాటలోనే వారికి చదువు చెప్పించెను. పారితోషికమీయబోయిన ప్రభుత్వముతో, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని యనెనట. 1931లో మదరాసు ప్రభుత్వము ఆయన సవరభాషా వ్యాకరణమును అచ్చువేసెను. నిఘంటువులు పిమ్మట వెలువడినవి. బిడ్డకు వాని నోటిమాటలో చదువు చెప్పవలెనను సిద్ధాంతమును ఆయన తెలుగుబడికి తెచ్చినది ఆ సవరబడినుండియే యని నా దృఢవిశ్వాసము. కావున వ్యావహారికోద్యమమునకు గురుపీఠము రాజమహేంద్రవరమున గాక సవరపల్లె యరుగుమీద వెదకుట న్యాయము. (ఈ మాటను గ్రాంథికమున వ్రాయుచున్నందుకు ఆయన నన్ను క్షమించెడివారు కారు.) ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగుభాషా దినోత్సవమని మనము జరుపుకొందుము, ఐక్యరాజ్యసమితి 1994లో నిర్ణయించిన ఆదివాసీ దినము అదే మాసమున 9వ తేదీ. ఇరువది దినముల ఎడములో వచ్చు ఈ రెండు పండుగలకును ఒక్కడే పెద్ద యని బరంపురపు తెలుగు సభలలో చెప్పగా నేను వినలేదు.

కొండవారితో ఇంత సఖ్యము సాధించినవాడు మైదానపు తగవులో మాత్రము రాజీపడలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, సమ్మతింపక, అర్ధశతాబ్దికి మించి నివసించిన యూరు విడిచి రాజమహేంద్రవరము చేరెను. ఆ సంవత్సరమే మంగేయి గోమాంగో యను సవర తన భాషకు ‘సొరంగ్ సొంపెంగ్’ అను ఇరువదినాలుగక్షరముల లిపిని కల్పించెను. అది బడికొరకు మాత్రమే పుట్టినది కాదు; ఒక్కొక్క అక్షరమును ఒక్కొక్క దేవతకు ప్రతీకగా నెంచి పూజించు మతముతోపాటు వచ్చినది. మనము ఇచ్చిన లిపిని గాని, ఒడియావారు ఇచ్చిన దానిని గాని, పాదిరీలు తెచ్చిన రోమను లిపిని గాని వారు తమదిగా తలపలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

1992 అక్టోబరు 2న గంజాము మండలమునుండి పర్లాకిమిడి ప్రాంతము విడిపోయి గజపతి జిల్లా యైనది. సరిహద్దునకు దక్షిణమున శ్రీకాకుళము కొండలలోని సవరబిడ్డలకు 2004లో మొదలైన ప్రణాళికవలన తెలుగు లిపిలో సవర వాచకములు వచ్చినవి. ఉత్తరమున ఒడిశా ప్రభుత్వము కొలది యేండ్లకే ఒడియా లిపిలో సవర వాచకములు వేసినది. దక్షిణపు సీతంపేట సవరయు ఉత్తరపు గుమ్మ సవరయు పెండ్లిలో కలిసికొనిన తెల్లవార్లు మాటలాడుకొనగలరు. వారి పిల్లలు ఒకరి పుస్తకమునొకరు చదువలేరు.