నేల కదిలితే హద్దు ఎక్కడ?

జీఐఎస్ సర్టిఫికెట్‌కి చదివే తమ్ముళ్ళూ, డేటమ్ పాఠం దాటేయకండి. కొలతలన్నిటికీ మూలం అదే. న్యూజిలాండ్‌లో 1949 డేటమ్ కోసం కొండల మీద థియోడొలైట్ పెట్టి త్రిభుజాలుగా కొలిచారు. తర్వాత ఉపగ్రహాల కాలంలో 2000 డేటమ్ వచ్చింది. రెంటి మధ్య ఒకే పాయింటుకి సుమారు 200 మీటర్ల తేడా! మేం కొట్టించే పెగ్గు పక్క వీధిలో పడ్డట్టే.

ఈ దేశం రెండు భూఫలకాల మీద ఉంది, ఏటా నాలుగైదు సెంటీమీటర్లు జరుగుతుంది. ఆ లెక్క కొత్త డేటమ్‌లో కలిపారు. కానీ 2010, 2011 భూకంపాలకి క్రైస్ట్‌చర్చ్ నేల ఒక్కసారిగా కదిలింది. ఇళ్ళు, కంచెలు నేలతోపాటే జరిగాయి, కాగితం మీద హద్దు పాతచోటే ఉంది. ఎవరి గోడ ఎవరి జాగాలో ఉన్నట్టు? మనూళ్ళో గట్టు జానెడు జరిగితేనే తలలు పగులుతాయి. ఇక్కడ 2016లో చట్టం తెచ్చారు: నేలతోపాటు హద్దూ జరిగినట్టే, కొండచరియ జారిన చోట తప్ప. అందుకే ఆ ఊరి పాత డ్రాయింగు చేతికొస్తే మేం ముందు తేదీ చూస్తాం.