ఫిరంగుల పోతశాల

మురుగమల్లకు మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. అమ్మాజాన్, బావాజాన్‌ల దర్గాకు హిందువులూ వెళతారు, ముస్లిములూ వెళతారు. ముక్తీశ్వరుడి గుడిలో కూడా దణ్ణం పెట్టుకుని తిరుగు బస్సు ఎక్కుతారు. ఈసారి వెళ్ళినప్పుడు చింతామణి తాలూకా బండకొండల్ని కాస్త తీరిగ్గా చూడండి. ఈ తాలూకాలోనే రహమాన్‌గఢ్ ఉంది, అంబాజీదుర్గం ఉంది. ఇంకా పడమరకు పోతే నంది కొండ. 1791లో టిప్పు సుల్తాను మీద యుద్ధం నడుస్తున్నప్పుడు కారన్‌వాలిస్ పంపిన మేజర్ గౌడీ సెప్టెంబరులో రహమాన్‌గఢ్ పట్టుకున్నాడు. అక్టోబరు 19న నందిదుర్గం పడిపోయింది. కొండ వాలున దారి చేసుకుని ఆ బరువైన ఫిరంగుల్ని పైకి లాగడానికే రోజుల తరబడి పట్టింది. అదే ఏడాది ఇటు గుర్రంకొండ చుట్టూ నిజాము సేన, కంపెనీ సేన కలిసి దిగాయి.

కోటల్ని మనం చూస్తూనే ఉంటాం. బురుజులు లెక్కపెడతాం, కూలిన గోడ దగ్గర నిలబడి ఫోటో తీయించుకుంటాం. ఆ గోడను కూల్చిన ఫిరంగి ఎక్కడ తయారైందని మాత్రం అడగం. ఫిరంగి చెట్టుకు కాయదు కదా! దానికొక పోతశాల ఉండాలి, కొలిమి ఉండాలి, రాగీ తగరం తెచ్చే బండ్లు ఉండాలి, అన్నిటికీ మించి పని తెలిసిన చేతులుండాలి.

మైసూరు వైపు చూస్తే టిప్పు కాలపు బాణాలు, అంటే ఇనుప గొట్టంలో మందు కూరి వదిలే రాకెట్లు, శివమొగ్గ జిల్లా నగర కోటలోని ఒక పాడుబడ్డ బావిలో దొరికాయి. 2018 జులైలో ఆ బావి పూడిక తీస్తే వెయ్యికి పైగా బయటపడ్డాయి. అక్కడ దొరికింది సరుకు. సరుకు తయారుచేసిన కట్టడమే చూడాలంటే మాత్రం మీరు హైదరాబాదు రావాలి. నగరం నడిబొడ్డున, ఆబిడ్స్‌కూ బషీర్‌బాగ్‌కూ మధ్య, ఫతేమైదాను పక్కన అది ఉంది. ఆ పేటకు దాని పేరే పెట్టారు, గన్‌ఫౌండ్రీ అని. పాతకాలం వాళ్ళు తోప్ కా సాంచా అనేవారు. సాంచా అంటే అచ్చు. ఫిరంగి అచ్చు అన్నమాట.

దీన్ని 1795లో కట్టించినవాడు మిషెల్ జోకిం మారీ రేమండ్ అనే ఫ్రెంచివాడు. 1755లో ఫ్రాన్సులోని గాస్కొనీ ప్రాంతంలో పుట్టి, ఇరవయ్యేళ్ళ వయసులో మన దేశం వచ్చి, చివరికి రెండవ అసఫ్‌జా నిజామ్ అలీఖాన్ కొలువులో చేరాడు. మొదట్లో ఆయన కింద ఉన్నది మూడు వందల మంది. వాళ్ళ తుపాకులు కూడా సొంతం కావు. ఒక ఫ్రెంచి వర్తకుడి దగ్గర తుపాకీకి నెలకు ఎనిమిదణాల చొప్పున అద్దెకు తెచ్చినవని చరిత్రకారులు రాశారు. పెళ్ళికి వంటపాత్రలు అద్దెకు తెచ్చుకున్నట్టు యుద్ధానికి తుపాకులు! అద్దె ఆయుధాలతో ఎన్నాళ్ళు నడుస్తుంది?

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాము ఓడిపోయాడు. కంపెనీవారు తాము ఈ తగవులో కలగజేసుకోమని చేతులు కట్టుకుని కూర్చున్నారు. భూభాగం పోయింది, మంత్రి అరస్తూజా పూనాకు బందీగా పోయాడు. ఒప్పందాలు రాసుకున్న స్నేహితుడు అవసరానికి రాకపోతే ఏ రాజైనా చేసేది ఒకటే. సొంత బలం పెంచుకోవడం. రేమండ్ సేన పది వేలు దాటింది. ఆ సేనకు కావలసిన ఫిరంగులూ గుండ్లూ తయారుచేయడానికి లేచినదే ఈ పోతశాల.

ఆ రోజుల్లో ఫిరంగి ఎలా పోసేవారో చెబుతాను. పొడుగాటి దూలానికి గడ్డితాడు చుట్టి, మట్టి మెత్తి, ముందు ఫిరంగి ఆకారం తెస్తారు. దానికి కొవ్వు పూసి, పేడా వెంట్రుకలూ కలిపి పిసికిన మట్టిని పైన పొరలు పొరలుగా మెత్తుతారు. ఒక పొర ఆరితే గానీ రెండోది వేయకూడదు. చివరికి ఇనుప పట్టీలు బిగించి, లోపలి దూలాన్నీ తాడునూ లాగేస్తే డొల్ల అచ్చు మిగులుతుంది. దాన్ని కాల్చి, కొలిమి ముందర లోతైన గోతిలో నిలువుగా దించి, చుట్టూ మట్టి దట్టిస్తారు. తొమ్మిది పాళ్ళ రాగికి ఒక పాలు తగరం కలిపి కరిగించి, కొలిమి నోరు తెరిస్తే కరుగు కాలువ వెంట అచ్చులోకి దిగుతుంది. అచ్చులో పిసరంత చెమ్మ మిగిలినా ఆవిరి పుట్టి, ఎర్రటి కరుగు మనుషుల మీదికి ఎగజిమ్ముతుంది. అంతా సవ్యంగా జరిగితే చల్లారాక అచ్చు పగలగొడతారు. అంటే ఒక అచ్చుకు ఒకే ఫిరంగి. ఆ తరువాత గొట్టాన్ని బరమాతో తొలిచి నున్న చేయాలి. అది రోజుల పని.

ఇనుముతో ఎందుకు పోయలేదని మీకు అనుమానం రావచ్చు. మన కమ్మరి కొలిమిలో ఇనుము నీరుగా కరగదు, ముద్దగా దిగుతుంది. దాన్ని సమ్మెటతో కొట్టి గుండు చేయవచ్చు, పట్టీలు చేయవచ్చు. పోతపోయడానికి కంచే అనువు. గుడిగంటలు పోసే కంచరివాళ్ళకు ఇది తరతరాల విద్య. గంటలో తగరం ఎక్కువ, దాదాపు ఐదో వంతు. అందుకే అది ఖంగున మోగుతుంది, గట్టిగా కొడితే పగులుతుంది. ఫిరంగిలో తగరం తగ్గిస్తే దెబ్బకు ఓర్చుకుంటుంది. అంత చిన్న తేడా! దేవుణ్ణి మేలుకొలిపే లోహానికీ ఊళ్ళు కూల్చే లోహానికీ మధ్య ఉన్నది గుప్పెడు తగరమే.

ఇంత కష్టపడి కట్టుకున్న పోతశాల ఏ యుద్ధంలో దెబ్బతిన్నదని అడుగుతారేమో. ఏ యుద్ధంలోనూ కాదు. 1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. నలభై మూడేళ్ళైనా పూర్తిగా నిండాయో లేదో. విషం పెట్టారన్న మాట అప్పుడే పుట్టింది. అతని స్థానంలోకి పిరాన్ వచ్చాడు. సెప్టెంబరు 1న కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ నిజాముతో కొత్త ఒడంబడిక రాయించుకున్నాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి, దాని బదులు కంపెనీ సేనను పోషించాలి. గుంటూరు నుంచి కల్నల్ రాబర్ట్స్ పటాలం వచ్చి దిగింది. జీతాలు అందని సిపాయిలు తమ దొరల్నే నిర్బంధించారు. ఆ గందరగోళంలో అక్టోబరు 22న కంపెనీ సేన వాళ్ళను చుట్టుముట్టి ఆయుధాలు దించేయమంది. దించేశారు. నెత్తురు చుక్క పడలేదు. పోతశాల మీద ఒక్క గుండు పడలేదు. ఏ సేన కోసం కట్టారో ఆ సేనే లేకుండా పోయింది, అంతే. మూడేళ్ళు!

ఏడు నెలలైనా గడవకముందే, 1799 మే 4న, శ్రీరంగపట్నం కూడా పడిపోయింది. నిజాము సేన అప్పుడు కంపెనీ పక్కన ఉంది. స్వయంగా ఫిరంగులు పోసుకోవాలనుకున్న రెండు దక్షిణాది రాజ్యాలు, ఒకటి కాగితం మీద సంతకంతో, ఇంకొకటి కోట గోడ గండితో, ఒకే ఏడాది వ్యవధిలో ఆ పని మానుకున్నాయి. నా మటుకు నాకు సంతకమే ఎక్కువ భయంకరంగా కనిపిస్తుంది. శ్రీరంగపట్నంలో గండి పడిన చోటు చూపించడానికి గైడు ఉంటాడు. సంతకం పడిన చోటు ఎవరూ చూపించరు.

గన్‌ఫౌండ్రీకి వెళితే పెద్ద కోట లాంటిదేదో కనిపిస్తుందని ఆశపెట్టుకోకండి. ఇటుకా సున్నంతో కట్టిన మందపాటి గోడలు, కమానులు, వాటిని ఆనుకుని పెరిగిన ఇళ్ళూ దుకాణాలూ. పురావస్తుశాఖ రక్షిత కట్టడాల జాబితాలో దాని పేరుంది. ఆ పేటలోనే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ప్రధాన కార్యాలయం ఉండేది. 2017లో ఆ బ్యాంకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. ఆ పేట పేరు చెబితే బ్యాంకు గుర్తుకొచ్చినంతగా ఫిరంగులు గుర్తుకురావు.

వీలుంటే అక్కణ్ణుంచి మూసారాంబాగ్ వైపు వెళ్ళండి. ఆ పేరు రేమండ్‌దే. ఫ్రెంచి పేరు నోరు తిరగక ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. దగ్గరలోని ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద అతని సమాధి ఉంది. నల్లరాయితో కట్టిన కోసుగా లేచిన స్తంభం, దానిమీద రేమండ్ పేరు పొడి అక్షరాలు. దూరదేశం నుంచి జీతానికి వచ్చిన ఆ సిపాయి సమాధి దగ్గర చాలాకాలం పాటు జనం ఏటా అగరొత్తులు వెలిగించారు. మురుగమల్ల తెలిసిన మనకు ఇది వింతగా అనిపించదు. పక్కనున్న స్తంభాల మంటపం 2001 వానలకు కూలిపోతే, దాన్ని తిరిగి కట్టారు.