1986–88 ధరతో నేటి వడ్ల లెక్క: వ్యవసాయ ఒప్పందంలో మద్దతు ధర సూత్రం

2018–19లో వరికి ఇచ్చిన మద్దతు ప్రపంచ వాణిజ్య సంస్థ పరిమితిని దాటిందని భారత ప్రభుత్వమే 2020లో ఆ సంస్థకు నివేదించింది. ఆ ఏడాది వరి ఉత్పత్తి విలువ 4,367 కోట్ల డాలర్లు, మద్దతు సుమారు 500 కోట్ల డాలర్లు. అంటే 11.46 శాతం. వర్ధమాన దేశాలకు పరిమితి 10 శాతమే. పరిమితి దాటినా కేసు వేయకుండా ఆపే మినహాయింపు, అంటే 2013లో బాలి సదస్సులో కుదిరిన పీస్ క్లాజ్, ఉండబట్టి వివాదం రాలేదు. దాన్ని వాడుకున్న మొదటి దేశం మనదే. ఈ అతిక్రమణలో రైతుకు నిజంగా దక్కింది ఎంత, లెక్క కట్టే పద్ధతి పుట్టించింది ఎంత అన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

ఆ సంస్థ వ్యవసాయ ఒప్పందం మూడో అనుబంధం ప్రకారం మద్దతు ధరలోంచి 1986–88 నాటి స్థిర ఆధార ధరను తీసివేసి, మిగిలినదాన్ని అర్హత గల ఉత్పత్తితో హెచ్చించాలి. భారత్‌కు బియ్యం ఆధార ధర టన్నుకు 3,520 రూపాయలు, డాలర్లలో 262.51.

2018–19లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాకు 1,750 రూపాయలు. సీఎంఆర్ (ప్రభుత్వం కోసం మిల్లులు ఆడించే బియ్యం) లెక్కన క్వింటా వడ్లకు 67 కిలోల బియ్యం వస్తాయని మన మిల్లర్లందరికీ తెలుసు. ఆ చొప్పున టన్ను బియ్యానికి సుమారు 26,100 రూపాయలు పడుతుంది. డాలరు 70 రూపాయలనుకుంటే 373 డాలర్లు. ఆధార ధర తీసేస్తే తేడా 110 డాలర్లు. ప్రభుత్వం సేకరించిన సుమారు 4.4 కోట్ల టన్నులతో హెచ్చిస్తే దాదాపు అధికారిక అంకే వస్తుంది.

కొన్నదాన్నే కాక, పండిన 11.6 కోట్ల టన్నులనూ ‘అర్హత గల ఉత్పత్తి’గా తీసుకుంటే అదే మద్దతు 29 శాతం దాటుతుంది. డాలర్లు వదిలి రూపాయల్లో లెక్కిస్తే 85 శాతం పైమాటే. ఎవరికీ ఒక్క రూపాయి అదనంగా ఇవ్వలేదు, రైతు ఇంటికి ఒక్క బస్తా ఎక్కువ చేరలేదు. 2010–14 మధ్య భారత్ వరి మద్దతు ఏటా 70 శాతం మించిందని 2018లో అమెరికా ఆరోపించిందంటే, ఆ అంకె పుట్టింది ఈ ఎంపికల్లోంచే. రూపాయి విలువ పతనం, మూడు దశాబ్దాల ద్రవ్యోల్బణం కూడా రైతుకిచ్చిన సబ్సిడీగానే నమోదవుతున్నాయి.

ఇక అమెరికాకు మొత్తంగా 1,910 కోట్ల డాలర్ల ఆంబర్ బాక్స్ (వాణిజ్యాన్ని వక్రీకరించే సబ్సిడీల) హక్కు ఉంది. భారత్‌కు అలాంటి హక్కు లేదు; పంట పంటకీ 10 శాతం గీతే దిక్కు. ఎక్కువ సబ్సిడీలిచ్చిన దేశాలకు ఆ అలవాటే హక్కుగా మారింది. ఈ ఒప్పందం కుదిరిన ఉరుగ్వే రౌండ్ చర్చల్లో జరిగిన అసలు అన్యాయం నా దృష్టిలో ఇదే.

అయితే భారత్ వాదనలోనూ ఒక బలహీనత ఉంది. మనం ప్రపంచంలోకెల్లా పెద్ద బియ్యం ఎగుమతిదారులం. ఆహార భద్రత కోసం పెట్టిన నిల్వలు విదేశీ మార్కెట్‌ను దెబ్బతీయవని థాయిలాండ్ వంటి పోటీదారును నమ్మించడం తేలిక కాదు. తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాకు ఇస్తున్న 500 రూపాయల బోనస్ వంటివి సూత్రం తర్కం ప్రకారం మద్దతు ధరకే కలిసి, తేడాను మరింత పెంచుతాయి. విస్తీర్ణాన్ని బట్టి ఇచ్చే పెట్టుబడి సాయానికి ఈ ఇరకాటం చాలావరకు ఉండదు.

పీస్ క్లాజ్‌కూ హద్దులున్నాయి. 2013 నాటికే అమల్లో ఉన్న పథకాలకే అది వర్తిస్తుంది, వివరాల నివేదన భారమూ ఎక్కువ. శాశ్వత పరిష్కారానికి పెట్టుకున్న 2017 గడువు బ్యూనస్ ఎయిర్స్‌లో దాటిపోయింది. 2024లో అబుధాబి సదస్సూ వ్యవసాయంపై ఏ నిర్ణయమూ లేకుండానే ముగిసింది. మినహాయింపును పొడిగించమని కోరుతూ పోవడం కన్నా, ఆధార ధరను ఇటీవలి సంవత్సరాల సగటుకు మార్చాలని, లేదా ద్రవ్యోల్బణం మేరకు సవరించాలని భారత్ మొదటి షరతుగా పెట్టాలి. ఎగుమతుల విషయంలో కొంత పట్టువిడుపు చూపితే తప్ప ఆ షరతుకు మద్దతు దొరకదు.