జోనతన్ ఎడ్వర్డ్స్ తీర్మానాలు

అమెరికా వేదాంతి జోనతన్ ఎడ్వర్డ్స్ (1703–1758) తన నడవడి కోసం రాసుకున్న 70 నియమాలు. 1722–23లో వీటిని రాశాడు. ఇరవై ఏళ్లు నిండకముందే న్యూయార్క్‌లో ఒక చిన్న ప్రెస్బిటేరియన్ సంఘానికి బోధకుడిగా ఉన్న కాలంలోనే వీటిలో చాలావరకు రాశాడు. దేవుని సహాయం లేనిదే తాను ఏమీ చేయలేనన్న ఒప్పుకోలుతో ఇవి మొదలవుతాయి. ఎన్నిసార్లు ఓడినా తనలోని పాపంతో పోరు మానకూడదన్నది 56వ తీర్మానం. వీటిని అతని దినచర్యతో కలిపి చదవాలి: ఎన్ని తీర్మానాలు చేసుకున్నా దేవుని ఆత్మ కదిలించకపోతే అంతా వ్యర్థమేనని 1723 జనవరి 2న అనుభవపూర్వకంగా రాసుకున్నాడు. పట్టుదల విడవలేదు, పట్టుదల మీది నమ్మకాన్నే విడిచాడు. ఇంతటి ఆత్మపరీక్ష చేసుకున్నవాడే 1731లో న్యూపోర్ట్‌లో ఒక బానిస బాలికను కొన్నాడు.