తాటి రొట్టె

తాటి రొట్టె: మాగిన తాటిపండు పేసంలో (గుజ్జులో) బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి కోరు కలిపి, మందపాటి గిన్నెలో కింద సెగ, పైన నిప్పులు పెట్టి కాల్చే తీపి వంటకం. గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లోనూ, కృష్ణా గోదావరి డెల్టాల్లోనూ శ్రావణ భాద్రపద మాసాల్లో చేసుకుంటారు. నిజానికి ఇది పండుతో చేసిన కేకే. అయితే గుంటూరు బేకరీలో ఫ్రూట్ కేకు అడిగితే మాత్రం టూటీఫ్రూటీ కేకు ఇస్తారు. అందులో ఉండేది రంగు వేసి పాకం పట్టించిన పచ్చి బొప్పాయి ముక్కలు.

చెట్టు పేరు తాడి. వెనక మరో మాట చేరితే తాటి అవుతుంది: తాటాకు, తాటిబెల్లం, తాటిపండు. తాడేపల్లి, తాడికొండ అనే గుంటూరు ఊళ్ళ పేర్లలోనూ ఆ మాట వినిపిస్తుంది. రొట్టె అన్నది ప్రాకృత భాషల వైపు నుంచి వచ్చిన మాట. ఉత్తరాదిన అదే మాట పలచని రోటీ అయితే, మన వంటింట్లో మందం పట్టి దిబ్బరొట్టె అయింది. పెనం మీద పలచగా పోస్తే అట్టు, గిన్నెలో మందంగా పోసి మూతపెట్టి కాలిస్తే రొట్టె. అంటే రొట్టె అని పేరు పెట్టింది పండును బట్టి కాదు, కాల్చే తీరును బట్టి. అదే పేసాన్ని పిండిలో కలిపి నూనెలో వేస్తే తాటి గారెలు, తాటి బూరెలు. చాప మీద పూతలు పూతలుగా ఎండబెడితే తాటి తాండ్ర.

ఈ రొట్టెను మొదట ఎవరు ఎప్పుడు కాల్చారని అడగడం కంటే, చెట్టు మీద ఎవరి వాటా ఎంత అని చూస్తే దీని చరిత్ర తెలుస్తుంది. గెల గీస్తే కల్లు, ఇక ఆ గెలకు కాయ ఉండదు. గీత తప్పించుకున్న కాయల్ని ఎండాకాలంలో ముంజలకు కొడతారు. ఆ రెండూ దాటి చెట్టునే మిగిలినవే పండి రాలతాయి. గట్ల మీద తాళ్ళున్న నల్లరేగడి పొలాల్లో పండ్లు రాలే ఈ రోజులు పత్తిలో కలుపు తీసే కాలం, మిరప నారు నాటే కాలం. కూలికి వెళ్ళినవాళ్ళు తెల్లారకముందే రాలిన పండ్లు ఏరుకొచ్చేవారు. బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో తాళ్ళు మరీ ఎక్కువ. కిలో పైన తూగే పండు అంత ఎత్తు నుంచి పడుతుంది కాబట్టే మూలిగే నక్కమీద తాటిపండు పడిందనే సామెత పుట్టింది. సామెతలో నక్కకు దక్కింది దెబ్బే, పండు కాదు.

పండుకు సాధారణంగా మూడు టెంకలు. పైతోలు ఒలిచి, పీచు పట్టిన టెంకల్ని కాసిని నీళ్ళతో గంపకేసి రుద్ది పేసం తీస్తారు. కొందరు ముందు పండును నిప్పుల్లో కాల్చుతారు. పేసంలో ఉండే ఫ్లాబెల్లిఫెరిన్ అనే పదార్థాల వల్ల చేదు తగులుతుంది, అది చెట్టు చెట్టుకూ మారుతుంది. అందుకే ఇంటామె మొదట నాలుక మీద వేసుకుని చూసి, చేదు పండును పక్కన పడేస్తుంది. పేసానికి సమానంగా రవ్వ వేసి నాననిచ్చి, బెల్లం కలిపి, అడుగున అరిటాకు పరిచిన గిన్నెలో పోస్తారు. మూత మీద నిప్పులు పోసి సన్నసెగన ఉంచాలి. గ్యాసు పొయ్యి వచ్చాక పై నిప్పులు పోయాయి, వాటితో పాటే పైపెచ్చు కూడా. ఓవెన్‌లో ఆ పెచ్చు తిరిగి వస్తుంది కాని పొగ వాసన రాదు. వేడి మీద కంటే మర్నాడే రుచి. వాడేసిన టెంకల్ని పాతరేస్తే చలికాలానికి తేగలు.

తాటిచెట్టు ఉన్న చోటల్లా ఈ వంటకానికి చుట్టాలున్నారు. బెంగాలీలు కృష్ణాష్టమికి తాలేర్ బొరా వేయిస్తారు. జాఫ్నా తమిళులు పనంగాయ్ పణియారం చేస్తారు, పేసం ఎండబెట్టి పినాట్టు దాస్తారు. థాయ్‌లాండ్‌లో ఆవిరి మీద ఉడికించే పసుపుపచ్చటి ఖనోమ్ తాన్ ఉంది. ఆ తాన్ మన సంస్కృత తాలమే: థాయ్ లిపిలో చివర ల అని రాసి న అని పలుకుతారు. 1850లో కొలంబోలో తాటిచెట్టు మీద పుస్తకం ప్రచురించిన విలియం ఫెర్గూసన్, ఈ చెట్టుకు 801 ఉపయోగాలు చెప్పే తమిళ కావ్యం తాలవిలాసాన్ని ప్రస్తావించాడు. మనం తెలుగువాళ్ళం తాటాకుల మీద అంత రాసి కూడా తాటి వంటల్ని చాలావరకు నోటిమాటకే వదిలేశాం.

గట్లు ట్రాక్టరుకు అడ్డమని చదును చేసేకొద్దీ, దూలాలకూ ఇటుక బట్టీలకూ మాన్లు కొట్టేకొద్దీ పండు అరుదైపోతోంది. పాతిన టెంక చెట్టై గెల వేయడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళు పడుతుంది. అది పండ్లు కాచే ఆడచెట్టో, కాయలేని పోతు తాడో అప్పటిదాకా చూపుకు తెలియదు.