1927: కెనడా ముసలోళ్లకి పింఛను వచ్చిన ఏడాది, ఆదివాసీ ముసలోళ్లకి రాని ఏడాది

 

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న మనోళ్లందరికీ ప్రశ్నోత్తరాల సమయం అంటే పాలిటీలో ఒక బిట్టు. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. గుర్తు లేనిదానికి రాతలో జవాబు ఇస్తే చాలు. అంతవరకు బట్టీ పట్టేసి పేజీ తిప్పేస్తాం. అసలు ఒక సభ్యుడు లేచి నిలబడి ప్రభుత్వాన్ని అడిగితే ఎవరి ఇంట్లోనైనా పొయ్యి వెలుగుతుందా, లేదా అది ఉత్త మాటల పండగేనా అన్నది ఏ గైడులోనూ ఉండదు. దీనికి కెనడా చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. అందులో మన లాంటి జనం ఎక్కడ నిలబడ్డారో కూడా కనపడుతుంది. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

1925 అక్టోబర్ ఎన్నికల్లో కెనడాలో ఎవరికీ పూర్తి మెజారిటీ రాలేదు. ప్రధాని మెకంజీ కింగ్ సొంత సీటే ఓడిపోయాడు. ఆయన లిబరల్ పార్టీకన్నా కన్సర్వేటివ్‌లకే సీట్లు ఎక్కువ. అయినా కింగ్ కుర్చీ దిగలేదు, చిన్న పార్టీల మద్దతుతో నెట్టుకొద్దాం అనుకున్నాడు. ఆ సభలో కార్మికుల తరఫున గెలిచినోళ్లు ఇద్దరే ఇద్దరు, ఇద్దరూ విన్నిపెగ్ నగరం వాళ్లే. ఒకాయన జె.ఎస్. వుడ్స్‌వర్త్, ఒకప్పుడు చర్చి పాస్టరు. రెండో ఆయన ఎ.ఎ. హీప్స్, కుర్చీలకు సోఫాలకు గుడ్డ, దూది కుట్టే పనివాడు. 1919లో విన్నిపెగ్‌లో జరిగిన పెద్ద సార్వత్రిక సమ్మెలో ఇద్దరూ అరెస్టయినవాళ్లే.

వీళ్లు చేసింది చాలా సింపుల్ పని. 1926 జనవరిలో కింగ్‌కీ, ప్రతిపక్ష నాయకుడు మీగెన్‌కీ, ఇద్దరికీ లేఖ రాశారు. పని దొరకనివాళ్ల కోసం ఏం చేస్తారు? ముసలోళ్లకి పింఛను ఇస్తారా? మా రెండు ఓట్లు ఎటు వేయాలో మీ జవాబు చూసి తేల్చుకుంటాం అన్నట్టు. కింగ్ వాళ్లని పిలిపించుకుని మాట్లాడాడు, పింఛను బిల్లు తెస్తానని కాగితం మీద రాసిచ్చాడు. వుడ్స్‌వర్త్ ఆ కాగితాన్ని జేబులో దాచుకోలేదు, సభలోనే బయటపెట్టాడు. ఇక వెనక్కి పోవడానికి కింగ్‌కి దారి లేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. మంత్రి పదవి అడగలేదు, కాంట్రాక్టు అడగలేదు, రాతలో జవాబు అడిగారు.

బిల్లు కింది సభలో పాసయింది. పై సభ సెనేట్ కొట్టేసింది. కెనడా సెనేటర్లను ఎవరూ ఎన్నుకోరు, ప్రధాని సిఫారసు మీద నియమిస్తారు. అప్పట్లో ఆ పదవి బతికున్నంతకాలం ఉండేది. అంటే జీవితాంతం జీతం గ్యారంటీగా ఉన్నవాళ్లు ముసలి కూలోళ్ల పింఛనుని ఆపారన్నమాట. 1926 సెప్టెంబర్‌లో మళ్లీ ఎన్నికలొచ్చి కింగ్ గెలిచాక సెనేట్ దారికొచ్చింది, 1927లో వృద్ధాప్య పింఛన్ల చట్టం అయింది. 70 ఏళ్లు దాటిన పేదలకి నెలకి గరిష్ఠంగా 20 డాలర్లు. సగం కేంద్రం, సగం రాష్ట్రం. బ్రిటిష్ పౌరుడై ఉండాలి, 20 ఏళ్లు కెనడాలో ఉండి ఉండాలి, ఏడాది ఆదాయం పింఛనుతో కలిపి 365 డాలర్లు దాటకూడదు.

ఆ చట్టంలోనే ఇంకో షరతు ఉంది. ఇండియన్ చట్టం కింద ఇండియన్‌గా లెక్కకొచ్చే మనిషికి ఈ పింఛను లేదు.

ఇక్కడ ఇండియన్ అంటే మనం కాదు, ఆ నేల మీద మొదట్నుంచీ ఉన్న ఆదివాసీలు. క్రీ, హైదా, బ్లాక్‌ఫుట్, మోహాక్, ఇలా వందల తెగలు. (మన దేశం నుంచి పోయిన పంజాబీలకి కూడా బ్రిటిష్ కొలంబియాలో 1947 దాకా ఓటు లేదు. ఆ పేరు ఎవరికి తగిలినా అక్కడ కలిసి రాలేదు.) 20 ఏళ్ల నివాసం షరతు చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. వేల ఏళ్ల నుంచి అక్కడే ఉన్న అవ్వకి పింఛను లేదు, ఇరవై ఏళ్ల కిందట ఓడ దిగినాయనకి ఉంది. ఇండియన్ల బాగోగులు చూడడానికి వేరే శాఖ ఉంది కదా అన్నది సర్కారు లెక్క. ఆ శాఖ చూసిన బాగోగులు ఏమిటో తెలియాలంటే అదే ఏడాది జరిగిన ఇంకో సంగతి చూడాలి.

1927లోనే బ్రిటిష్ కొలంబియా తెగల కూటమి తరఫున పీటర్ కెల్లీ, ఆండ్రూ పాల్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి, మా భూమి మేం ఎవరికీ రాసివ్వలేదు, ఒప్పందం లేకుండానే లాక్కున్నారు అని వాదించారు. కమిటీ వాళ్ల దావా చెల్లదని తేల్చి, ఒప్పందపు సొమ్ముకు బదులుగా ఏడాదికి లక్ష డాలర్లు అని ఓ అంకె పడేసింది. అంతటితో ఆగలేదు. ఇండియన్ చట్టంలో 141వ సెక్షన్ పెట్టారు. భూమి దావా నడపడానికి సర్కారు అనుమతి లేకుండా ఎవరైనా చందా వసూలు చేస్తే నేరం. లాయరుకి ఇవ్వడానికి ఊరంతా తలా ఇంత వేసుకున్నా నేరమే. ఒకే ఏడాది, ఒకే పార్లమెంటు. ఒక చేత్తో ముసలోళ్లకి పింఛను ఇచ్చింది, ఇంకో చేత్తో ఆదివాసీ నోటికి తాళం వేసింది.

మరి అడిగేవాళ్లు ఎందుకు లేరు? యుద్ధానికి పోయొచ్చిన సైనికుల్లాంటి కొద్దిమందిని వదిలేస్తే, ఇండియన్‌గా నమోదైనవాళ్లకి ఓటే లేదు. ఓటు కావాలంటే తెగ హోదా వదులుకోవాలి. అంటే ఓటా, ఊరా, ఏదో ఒకటి తేల్చుకోమన్నట్టు. వాళ్లలోంచి గెలిచి ఆ సభలో కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. వుడ్స్‌వర్త్, హీప్స్ మంచివాళ్లే, అందులో నాకు అనుమానం లేదు. కానీ వాళ్ల వెనకున్న ఓట్లు విన్నిపెగ్ ఫ్యాక్టరీ కూలీలవి. కింగ్ భయపడింది ఆ రెండు ఓట్లకే.

వాళ్ల రెండో ప్రశ్న, పని లేనోళ్ల సంగతి, ఇంకా విచిత్రం. దానికి జవాబు రావడానికి పద్నాలుగేళ్లు పట్టింది. నిరుద్యోగ బీమా చట్టం 1940 ఆగస్టులో వచ్చింది. ఏళ్ల తరబడి దానికోసం అరిచిన హీప్స్ అదే ఏడాది మార్చి ఎన్నికల్లో ఓడిపోయి ఇంట్లో ఉన్నాడు! ఆ చట్టం ఎవరికి వర్తించదో చూడండి: వ్యవసాయం, అడవిలో కలప పని, చేపలు పట్టడం, వేట, ఉచ్చులు పెట్టి జంతువుల తోళ్లు తీయడం. ఇండియన్ అన్న మాట వాడనక్కర్లేకుండానే ఆదివాసీలు చేసే పనుల్లో చాలాభాగం బయటికి పోయాయి. చట్టాలు చదివేటప్పుడు ఎవరి పేరు రాశారో చూస్తాం, ఏ పని రాయలేదో చూడం. ఫీల్డ్ వర్క్ చేసే మనోళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆదివాసీ యువకులు వేలమంది పోరాడి వచ్చాక సర్కారుకి కాస్త సిగ్గనిపించింది. 1946 నుంచి 1948 దాకా రెండు సభల ఉమ్మడి కమిటీ కూర్చుని ఇండియన్ చట్టం మీద సాక్ష్యాలు విన్నది. ఇరవై ఏళ్ల కిందట కొట్టేయించుకున్న ఆండ్రూ పాల్ మళ్లీ వచ్చాడు. ఓటు లేని మనుషులు పార్లమెంటుని ప్రశ్నించడం ఇదీ. ఆ తర్వాత ముసలి ఇండియన్లకి వేరుగా ఓ చిన్న భత్యం మొదలైంది, మిగతావాళ్ల పింఛనుతో పోలిస్తే బాగా తక్కువ. 1951లో చందాల మీద నిషేధం చట్టం నుంచి పోయింది. అదే ఏడాది పాసైన కొత్త వృద్ధాప్య భద్రత చట్టం 70 దాటిన అందరికీ, పేద గొప్ప చూడకుండా, నెలకి 40 డాలర్లు అంది. 1952 జనవరి నుంచి ఆదివాసీ ముసలోళ్లకీ అదే చెక్కు. 1927లో డెబ్బై ఏళ్లున్న మనిషి ఆ చెక్కు చూడాలంటే తొంభై అయిదేళ్లు బతకాలి.

సరిగ్గా ఆ చలికాలమే, 1951-52లో, మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. ఎస్టీలు ఓటేశారు, రిజర్వుడు సీట్లలో గెలిచి లోక్‌సభలో కూర్చున్నారు. జైపాల్ సింగ్ ముండా అంతకుముందే రాజ్యాంగ సభలో లేచి ఆదివాసీ మాట మాట్లాడి ఉన్నాడు. కెనడా ఆదివాసీలకి షరతు లేని ఓటు 1960లో గానీ రాలేదు. అంతకు రెండేళ్ల ముందు 1958లో జేమ్స్ గ్లాడ్‌స్టోన్ అనే కైనై తెగ పెద్దాయనని సెనేటర్‌ని చేశారు. సెనేట్లో మొదటి ప్రసంగంలో ఆయన బ్లాక్‌ఫుట్ భాషలో కొన్ని మాటలు పలికాడు. చట్టాలు చేసే సభలో ఆయనకు కుర్చీ ఉంది, బయట ఆయన జనానికి ఓటు లేదు! ఇండియన్ హోదా ఉన్న మనిషి మొదటిసారి ఎంపీగా గెలిచింది 1968లో. ఆయన లెన్ మార్‌చాండ్.

పింఛను కథ తర్వాత చాలా ఉంది, గబగబా చెప్తాను. వుడ్స్‌వర్త్ చనిపోయాక ఆయన సీటులోకి వచ్చిన స్టాన్లీ నోల్స్ దశాబ్దాలపాటు పింఛను గురించే అడుగుతూ ఉన్నాడు. 1957లో ఆర్థిక మంత్రి హారిస్ 40ని 46 చేశాడు. జనం ఆయనకి ఆరు డాలర్ల హారిస్ అని పేరు పెట్టారు, ఆ ఎన్నికల్లో లిబరల్ ప్రభుత్వం పోయింది. 1985లో ధరలతో పాటు పింఛను పెరగకుండా కోత పెట్టాలని మల్రోనీ ప్రభుత్వం చూస్తే, సొలాంజ్ డెనీ అనే పెద్దావిడ పార్లమెంటు బయట కెమెరాల ముందే ప్రధానిని నిలదీసింది. కొద్ది రోజుల్లో కోత వెనక్కి పోయింది. లోపల సభ్యులు ఎంత అరిచినా కదలనిది బయట ఒక ముసలామె మాటకి కదిలింది.

ఈ మధ్యది: 2022 జూలై నుంచి 75 దాటినవాళ్లకి మాత్రమే పింఛను 10 శాతం పెంచారు. 65 నుంచి 74 మధ్యవాళ్లు ఏం పాపం చేశారని బ్లాక్ కెబెక్వా పార్టీ అడుగుతూ వచ్చింది. 2024 అక్టోబర్‌లో వాళ్ల తీర్మానం సభలో గెలిచింది కూడా. డబ్బు మాత్రం రాలేదు. అక్కడ ఖజానా నుంచి ఖర్చయ్యే బిల్లుకి ప్రభుత్వ సిఫారసు ఉండాలి, ఉత్త తీర్మానంతో పైసా కదలదు. పనివాళ్ల విషయంలో మాత్రం అదే ఏడాది ఒక గెలుపు ఉంది. సమ్మె చేస్తున్నవాళ్ల స్థానంలో వేరేవాళ్లని పెట్టుకోకుండా ఆపే చట్టం సి-58 ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడకుండా కింది సభ దాటింది. మైనారిటీ ప్రభుత్వం, దానికి మద్దతిచ్చి బేరం ఆడిన ఎన్‌డీపీ. 1926 నాటి లెక్కే.

ఇక వాతావరణం. 2010లో కర్బన ఉద్గారాలు తగ్గించే ఎన్‌డీపీ బిల్లు సి-311 కింది సభలో పాసైతే సెనేట్ చర్చ కూడా లేకుండా చంపేసింది. 2019 జూన్ 17న కింది సభ వాతావరణ అత్యవసర పరిస్థితి ఉందని తీర్మానించింది. మర్నాడే, జూన్ 18న, ట్రాన్స్ మౌంటెన్ చమురు పైప్‌లైన్ విస్తరణకి ప్రభుత్వం మళ్లీ అనుమతి ఇచ్చింది. మళ్లీ అని ఎందుకంటే, ఆదివాసీలతో సరిగ్గా సంప్రదించలేదని 2018 ఆగస్టులో కోర్టు మొదటి అనుమతిని కొట్టేసింది. ఆ తర్వాతి నెల ప్రశ్నల సమయంలో క్రీ తెగ ఎంపీ రోమియో సగనాష్ లేచి, ఆదివాసీ హక్కులంటే ప్రధానికి లెక్కే లేదని ఒక బూతు మాటతో కలిపి అన్నాడు. స్పీకర్ అడిగితే క్షమాపణ చెప్పాడు, ఆ మాటకి మాత్రమే. చిన్నప్పుడు తెగ నుంచి విడదీసి రెసిడెన్షియల్ స్కూల్లో పడేసిన తరం మనిషి ఆయన. అక్కడ ప్రశ్నకి 35 సెకన్లు, జవాబుకి 35 సెకన్లు. ఆ టైములో మర్యాదగా ఎంత చెప్పగలం?

అదే సగనాష్, ఆదివాసీల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ప్రకటనని కెనడా చట్టాల్లోకి తెచ్చే బిల్లు పెట్టాడు. 2018లో కింది సభ దాటింది, 2019లో సెనేట్లో సాగదీసి సాగదీసి గడువు తీరి పడిపోయింది. 1926, 2010, 2019. మూడుసార్లూ అదే పై సభ. రెండేళ్లకి, 2021 జూన్‌లో, దాదాపు అదే విషయాన్ని ప్రభుత్వమే సి-15 బిల్లుగా తెచ్చి పాస్ చేసింది. అప్పటికి సగనాష్ ఎంపీ కాదు. హీప్స్ లాగే.

మన దగ్గరికొస్తే, కేంద్రం ఇచ్చే ఇందిరా గాంధీ వృద్ధాప్య పింఛను వాటా 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి 200 రూపాయలే. మన అవ్వల చేతికి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం రాష్ట్రాలు కలిపేదే. దీని మీద పార్లమెంటులో ఏ ఎస్టీ ఎంపీ ఎప్పుడు ఏం అడిగాడు, మంత్రి ఏం జవాబిచ్చాడు అన్నది వెతికి చూడొచ్చు, పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో 1952 నుంచి చర్చలు పెట్టారు. అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్, ఒక్కొక్కరం ఒక్కో నియోజకవర్గం తీసుకుంటే సెలవుల్లో అయిపోతుంది. నేను ఆదిలాబాద్ మొదలుపెట్టాను, మిగతావి ఎవరు తీసుకుంటారో చెప్పండి.